మొదటి నలభై పేజీలు

పూర్ణామార్కెట్ దగ్గర పాతపుస్తకాల గుట్టలో
అట్ట ఊడి దొరికిందది.
పోర్టులో రాత్రి డ్యూటీ, క్రేన్ నడిపే పైడిరాజుకిచ్చాను:
"మొదటి నలభై పేజీలూ ఓపిక పట్టు,
ఆ తర్వాత సముద్రం లేచి నడిచి వెళ్లిపోతుంది."

మూడోరోజుకే తిరిగిచ్చేశాడు.
"సంద్రం ఎల్లిపోడమేటి గురూ!
డ్రాగన్లుంటే సెప్పు, నమ్ముతాను."
వాదించలేదు. డ్రాగన్లదే ఇచ్చి పంపాను.

మొన్న తెల్లారుజామున ఫోను.
వెనక గాలి హోరు, ఎక్కడో ఓడ కూత.
"పైనుంచి సూస్తన్నాను. మంచు కమ్మీసింది.
డాల్ఫిన్స్ నోస్ నేదు, లైట్‌హౌస్ నేదు,
నీళ్లసలే నేవు...
ఆ పుస్తకం ఎవులికైనా ఇచ్చీసినావేటి?"

ఇచ్చేశాను,
సింధియా బస్సులో పక్కసీటు నర్సుకి.
ఆవిడింకా ముప్పై ఎనిమిదో పేజీలో ఉంది.