మూడు, నాలుగు పక్కపక్కన పోవద్దు

దేవరకొండ రోడ్డు మీద, బత్తాయిల లారీలు ఆగే కాడ
మా షెడ్డు.
రేకుల కింద డెబ్బయి నాలుగు మోడల్ అంబాసిడర్,
టెంట్‌హౌస్ పర్వతాలుది.
ఉత్తగ తిప్పితె మంచిగనే ఉరుకుతది.
పెండ్లికొడుకు ఎక్కితె చాలు,
చెర్వుగట్టు ఎక్కుడు కాడ దగ్గుతది.
మొన్న ముహూర్తానికి
బాసింగం కట్టుకున్న పిలగాడే దిగి నూకిండట.

తప్పు నాదే.
వైర్లు చిందరవందరగ ఉన్నయని
నాలుగింటిని ఒక్క తీరుగ కోసి
జడ అల్లినట్టు అల్లి
ప్లాస్టిక్ పట్టీలతోని బిగించిన.
ఫోటో తీసి పర్వతాలుకు పంపిన గూడ.
ఎంత ముద్దుగున్నదిరా అన్నడు.

ఉషయ్య మేస్త్రి చూసి ఏమనలే.
స్టూలు గుంజుకొని కూసున్నడు.
ఆయన మోకాళ్ళు వంగయి.
మర్రిగూడ బోరు నీళ్ళు ఎముకల్ల ఇంకి
ఇరవై ఏండ్లాయె.
మెడ తిప్పాల్నంటె మొత్తం మనిషి తిరగాలె,
సందుల లారీ మళ్ళినట్టు.
అందుకే చేతులు నావి, చెవులు ఆయనవి.

"లైటు బందు చెయ్. షెటర్ గుంజు."

చీకట్ల ఇంజను లేపితె
నేనల్లిన జడల
నీలం పురుగులు పాకుతున్నయి.
మూడో వైరు మీదికెళ్ళి నాలుగో దాని మీదికి
చిటుక్కు. చిటుక్కు.

"చూసినవా.
రోటరు గడియారానికి ఎదురు తిరుగుతది.
ఒకటి, మూడు, నాలుగు, రెండు. గదీ వరుస.
మూడోది పేలంగ
పక్కల పండుకున్న నాలుగోది ఉలిక్కిపడి
వంతు రాకముందే లేస్తది.
ఆ ఇద్దర్ని ఒక్క మంచంల పండవెట్టినవు నువ్వు."

మరి ముందుగల్ల ఎట్లుండె?
పుస్తకం లేదు.
చేసిన కంపెనీ బండి చేసుడే బందు వెట్టె.
ఉషయ్య చెయ్యి పడ్డ అంబాసిడర్లన్నీ
ఎన్నడో కిలోల లెక్కన పాత ఇనుముకు పోయె.

"కిరోసిన్ గుడ్డతోని తుడువు" అన్నడు.
"రుద్దకు. తుడువు."

తుడిస్తె
బ్లాకు మీద, మడ్డి కింద, పాత పెయింటుల
నాలుగు గీతలు అగుపడ్డయి. సన్నగ. లేత రంగువి.
వైర్లు ఏండ్లకేండ్లు ఆనుకొని కూసున్న తావు,
గడియారం తీసిన మణికట్టు లెక్క.
మేకలు నడిచి నడిచి పడ్డ బాట
గడ్డి ఎండినంక తేలినట్టు.

ఇగ దారి అదే చెప్పింది.
ఒకటోది రేడియేటర్ దిక్కు వంగి పోవాలె.
మూడోది కిందికెళ్ళి.
నాలుగోది బెత్తెడు ఎడంగ, మీదికెళ్ళి,
ఎవల్తోని మాట్లాడకుంట.
రెండోది ఎవలినన్న దాటాల్సొస్తె
అడ్డంగ దాటాలె, ఎంబడి నడవద్దు.

బజార్ల ఎర్ర వైరే దొరికె.
నల్లదే కావాలన్నడు. సూర్యాపేట పోయి తెచ్చిన.
ఒక్కొక్కదాన్ని దాని కొలతకే కోసిన.
అందం లేదు.
పాలు పంచుకున్న అన్నదమ్ములు
నాలుగు దిక్కులకు అలిగి పోయినట్టున్నది.

సెల్ఫ్ కొట్టిన.
ఉషయ్య కండ్లు మూసుకున్నడు.
బోనెట్ కింద
అన్నం కుదురుగ ఉడికే సప్పుడు.
షెటర్ మళ్ళ గుంజి చూసిన. చీకటి చీకటిగనే ఉన్నది.

పొద్దుగూకినంక పర్వతాలు వచ్చి, బోనెట్ లేపి
"గింత గలీజుగ చేసినవేందిరా" అన్నడు.
"ముందుగాల గట్టెక్కి రా,
గప్పుడు మాట్లాడు" అన్న.

ఒక్కటి మిగిలింది.
గీతలన్నీ నిండినంక, బ్లాకు అంచుకు
ఐదో క్లిప్పు. ఖాళీగ.
దేన్ని పట్టుకునేదో ఉషయ్యకు గూడ యాదికి రాలే.
మొత్తం మనిషి తిరిగి చూసిండు, రెండు సార్లు.

"పీకెయ్యాల్నా?" అన్న.

"వద్దు.
పెట్టినోనికి ఎరుక."