సోదా

మొన్న బడికి డాక్టర్లొచ్చి పిల్లలను తూకమేసినరు.
లాస్య ఆ చీటి నా చేతికియ్యలేదు,
లెక్కల పుస్తకం అట్టల దాసింది.
ఎనిమిదో తరగతి. అరవై ఎనిమిది కిలోలు.
కింద ఎర్రపెన్నుతోని రెండు గీతలు.

ఆ రాత్రి అది పండుకున్నంక
దాని సంచి సోదా చేసిన.
చాక్లెట్ కాగితాలో, చిప్స్ పొట్లాలో
దొరకాలె దొరకాలె అనుకుంట వెతికిన.
దొరికితే నా పానం నిమ్మలమైతుండె.
దొరికినయి:
విరిగిన కోణమానిని,
మూత ఊడిన పెన్ను,
సగం తిని మళ్ళ మూతపెట్టిన సద్ది డబ్బ.

పెద్దోడు చరణ్‌ది అదే కుండ, అదే గంటె,
వడ్డించేది ఈ చెయ్యే.
వాడు తుమ్మకట్టె తీరుగనే ఉన్నడు.
వాని కంచంల నెయ్యి పోసి
దాని కంచం ముంగట మూతి ముడిసినదాన్ని నేను.
గరిజెల డబ్బకు తాళమేసి
చెవి కొంగుకు కట్టుకొని తిరిగినదాన్ని.

పాలమూరు పెద్దాస్పత్రిల డాక్టరమ్మ
దాని జడ పక్కకు జరిపి మెడ చూసింది.
నల్లటి చార.
ఏడాది సంది నేను
పీచు పెట్టి, సబ్బు పెట్టి, అది ఏడ్సేదాక రుద్దిన చార.
"మురికి కాదమ్మా అది" అన్నది.
మెల్లగ అడిగింది,
"మీ ఇంట్ల ఇట్ల ఎవరన్న ఉండెనా?"

మా నాయినమ్మ కుర్మమ్మ.

కరువచ్చిన ఏడు ఊరంత
చింతగింజలు ఉడకేసుకొని తిన్నదట.
అందరికీ బొక్కలు తేలితే
ఆమె ఒక్కతే నిండుగ కనవడ్డదట.
గింజలు దాసిందన్నరు.
పటేలు మనుషులొచ్చి గుమ్మి దింపినరు,
పొయ్యిగడ్డ తవ్వినరు,
కూరాళ్ళు సుత బోర్లిచ్చినరు.
ఒక్క జొన్నగింజ రాలలేదు.
తిట్టుకుంటనే పోయినరు.

దాసింది నిజమే.
ఎవ్వరి చెయ్యీ పోని తావున,
ఆమెకే ఎరుక లేని తావున.
పిడికెడు గటకల నుంచి చిటికెడు తీసి
ఒళ్ళు పక్కకు పెట్టింది.
ఆ ఏడు ఆమె బతికింది,
ఆమె కడుపుల మా నాయిన బతికిండు.

డాక్టరమ్మ జన్యువులన్నది.
ఒక్క దారం కాదట, వందల పోగులట.
నొసటి రాత కాదు, చేను వాలు అన్నది,
నీళ్ళు అటే ఉరుకుతయి, గట్టేసుకోవచ్చు.
నడక, ఆట, కంటినిండ నిద్ర.
తీపి తగ్గిస్తే ఇంటిల్లిపాదీ తగ్గించాలె,
సన్నగున్న పిలగానికి సుత, అన్నది
నా దిక్కే చూసుకుంట.

బస్సుల లాస్య కిటికీ పొంటి కూసుంది.
దేవరకద్ర దాక మాట లేదు.
దిగేటప్పుడు అడిగింది,
"కుండలు వెతికినోళ్ళు
మళ్ళ వచ్చి ఆమెకు తప్పైందని చెప్పిన్రా అమ్మా?"

ఇంటికొచ్చి కొంగు ముడి విప్పవోయిన.
ఎన్నడు వేసిన ముడో, బిగుసుకపోయింది.
పండ్లతోని గుంజుతున్న.
అది ఎదురుంగ నిలవడి చూస్తున్నది.