చమ్కీ ఈగ

నాలుగు జాకెట్ల మగ్గం కూలీ బాకీపడి
డాక్టరమ్మ ఈ కర్ర ఇచ్చింది.
"మా ఆయనది. ఇంట్లో ఇంకెవరికీ అక్కర్లేదు."
ఆకుపచ్చ గుడ్డసంచి, కొస దబ్బనమంత సన్నం,
ఒక చక్రం, దానికి పసుపుపచ్చ తాడు.
రేకు డబ్బాలో ఈగలుండేవట.
చిమ్మటలు వెంట్రుకలన్నీ తినేసి
తుప్పు కొక్కేలు మిగిల్చాయి.

ఈగ అంటే ఈగ కాదు,
చేప ఈగ అనుకునేది.
రెజీనా ఆ మాట కాగితంలోంచి చదివి చెప్పగానే
చేతిలో సూది ఆగిపోయింది.
గాజుపూసని ముత్యం అనిపించడం,
రాగితీగని బంగారం అనిపించడం కాక
ముప్పై ఏళ్లుగా సైదాపేట సందులో
నేనింకేం చేశాను?

ఆదివారం రాత్రి
కొత్త కొక్కెం ఒకటి మగ్గం చట్రానికి బిగించాను.
కోళ్ల కొట్టు షౌకత్ నడిగి తెచ్చిన
పుంజు మెడ ఈక ఒకటి,
కాదు, మూడు,
చుట్టి, చుట్టి, ముడేసి,
నడుముకి మిగిలిపోయిన జరీ.
అక్కడితో ఆగాల్సింది.
చేతులూరుకోక కళ్ల చోట రెండు చమ్కీలు కుట్టా.
పెళ్లికూతురిలా తయారైంది, పాపం.

తెల్లవారి ఐదున్నర, విరిగిన వంతెన పక్కన.
పోటు మీద సముద్రం లోపలికొస్తోంది.
పాలకవర్లు, బంతిపూల దండ, ఎవరిదో హెల్మెట్టు
వరసగా ఊళ్లోకి తిరిగి వెళుతున్నాయి.
వాసన సంగతి అడక్కండి.
కాసేపటికి ముక్కే రాజీపడుతుంది.

కాగితంలో గడియారం బొమ్మ వుంది:
వెనక్కి ఒంటిగంట దగ్గర ఆపు,
ముందుకి పది దగ్గర ఆపు,
నడుమ తాడు సాగేదాకా ఓర్చుకో.
ఓర్చుకోవడం నాకెవరూ నేర్పక్కర్లేదనుకున్నా.
మొదటిసారి చున్నీని పట్టా.
రెండోసారి నా కొప్పుని.
మూడోసారి ఒక థర్మాకోలు ముక్క చిక్కింది,
మంచి బరువైనదే.

వల భుజాన వేసుకుని పోతూ ఏకాంబరం ఆగాడు.
"ఎన్నమ్మా, కాత్తె తైక్కిరియా?"
గాలిని కుడుతున్నావా అని.
"అవునన్నా, అంచు కుదరట్లేదు" అన్నా, తెలుగులోనే.
అర్థమైందో లేదో, బీడీ వెలిగించుకుని
గట్టుమీద కూర్చున్నాడు,
సినిమా మొదలవుతుందన్నట్టు.

ఎన్నోసారో లెక్కలేదు,
తాడు నా వెనక పూర్తిగా సాగింది.
చూడలేదు, భుజానికి తెలిసింది.
ఈగ వెళ్లి నీళ్లమీద వాలింది,
దుమ్ము వాలినట్టు.

అరచెయ్యంత జిలేబీ ఒకటి
మురికిలోంచి పైకొచ్చింది.
దగ్గరికొచ్చి, ఆగి, పక్కకి ఒరిగి
ఒక కంటితో చూసింది.
ఆ చూపు నాకు తెలుసు.
జాకెట్టు తిరగేసి
లోపలి కుట్టు వెతికే కస్టమరు చూపు.
నోరు తెరిచింది.

మగ్గం మీద కింది చెయ్యి దేన్నీ చూడదు.
గుడ్డ చాటున దారం పట్టుకుని
పైసూది ఎప్పుడు లాగుతుందో తెలుసుకుంటుంది, అంతే.
ఆ చేతికే అందింది ఇప్పుడు,
చూపుడువేలి కణుపు మీద
టక్ మని ఒక చిన్న లాగుడు.

ఉమ్మేసింది.
తోక చూపించి వెళ్లిపోయింది.
బేరమైనా ఆడలేదు.

ఏకాంబరం బీడీతో బంతిదండ వైపు చూపించాడు.
కుళ్లిన పూలమీద నిజం ఈగలు,
మసిరంగు, ఒళ్లంతా మసే,
ఒక్కదానికీ నగల్లేవు.

చమ్కీ దారం కొరకబోయి
పళ్లదాకా తెచ్చాక ఏరు గుర్తొచ్చింది.
గోటితో పీకాను.
ఒకటి జారి నీళ్లలో పడితే
దానికోసం నాలుగు పిల్లచేపలు కొట్టుకున్నాయి.
ఎవరి రుచి వాళ్లది.

ఈకలు కూడా ఒకటి చాలేమో.
రెండు తుంచి గాలికిచ్చి
కర్ర వెనక్కెత్తాను,
ఒంటిగంట దాకా.