మూడు మూలల నాణెం

ఈ దీవికి ఒకటే రోడ్డు.
ఎటు పోయినా మొదలైన చోటికే వస్తుంది.
"రారొటోంగాలో దారి తప్పడం ఎవరి తరమూ కాదు" అంటూ
కారు తాళం మావారి చేతిలో పెట్టాడు తెయారికి.
"ఆగకుండా పోతే ముక్కాలు గంట,
కోళ్లు ఒప్పుకుంటే."

కోళ్లు ఒప్పుకోలేదు.
ఎర్రపుంజు ఒకటి రోడ్డు నడుమ నిలబడి
శిస్తుకొచ్చిన కరణంలా కారును ఎగాదిగా చూసి,
పెట్టనూ పిల్లలనూ ఆవలికి దాటించి,
అప్పుడు గానీ కదల్లేదు.

ముందు సీటు మా అత్తగారిది.
మోకాళ్ల పేరు చెప్పి హెస్టర్
విమానంలోనూ చర్చిలోనూ ముందు సీటే సంపాదిస్తుంది.
వెనక నేను, ఇద్దరు పిల్లలు, ఐసుపెట్టె,
గాలి సగం పోయిన తాబేలు ట్యూబు.
మా ఇన్వర్‌కార్గిల్‌లో ఈపాటికి
కారు అద్దాల మీది మంచు గీకుతుంటారు జనం.
ఇక్కడ సీటుకు తొడలు అతుక్కుంటున్నాయి.
మలుపు మలుపుకీ ఆస్కర్: "వచ్చేశామా?"
"ఎక్కడికిరా?" అంటాడు రూరీ, స్టీరింగ్ మీద దరువేస్తూ.
నిజమే, ఎక్కడికో మాలో ఎవరికీ తెలీదు.

తితికావెకా దగ్గర రేకు నీడన ఒక బల్ల.
మూడు బొప్పాయిలు,
మూతకు గాటు పెట్టిన పాలడబ్బా,
అట్టముక్క మీద వంకర అంకె: రెండు.
మనిషి లేదు.
మా దగ్గరేమో అన్నీ యాభై నోట్లు.
"పోనీలే, వద్దు" అనేలోగా
మా అత్తగారు చాకుతో పండును రెండు చెక్కలు చేసేసింది.
ఇక తినక ఏం చేస్తాం?
నల్లగింజలు కిటికీలోంచి ఉమ్ముకుంటూ,
మోచేతుల దాకా కారే రసం నాక్కుంటూ
పోయాం. అరువు పండుకు రుచెక్కువ.

మురీలో ఈత. నడుం లోతు నీళ్లు,
అవతల రాతికట్ట మీద విరుగుతూ అసలు సముద్రం.
ఒంటినిండా ఇసుక. ఒక చెప్పు గల్లంతు.
అవరువాలో ఐస్‌క్రీమ్ కొంటే
చిల్లరలో వచ్చింది, మూడు మూలల నాణెం.
పిప్పా దాన్ని గుప్పిట పట్టుకుని
"ఇది ఆవిడది" అంది.
ఆవిడెవరో, అసలు ఆవిడో ఆయనో.
"రెండు డాలర్లే కదా, రేపు చూద్దాం" అన్నాడు రూరీ.
పిప్పా గుప్పిలి విప్పలేదు.
వెనక్కి తిప్పినా ముందుకు పోయినా
ఇంచుమించు అదే దూరమట.
ముందుకే పోయాం.
మా బస పక్కనుంచే, ఆగకుండా,
దొంగల్లా.

సన్నటి తుంపర. పడమట సూర్యుడు ఉన్నాడో లేడో.
పొద్దున చూసిన ఇళ్లే.
పొద్దున కోళ్లను చూస్తూ దీన్ని చూడలేదు:
వాకిలి వాకిలికీ తెల్లటి సమాధులు,
మీద రేకు కప్పు, ప్లాస్టిక్ పూలు.
ఒకదాని మీద ఆరేసిన చొక్కా, తీసేవాళ్లు లేక తడుస్తోంది.
ఇంకోదాని గట్టున కూర్చుని
ఒక కుర్రాడు ఫోను నొక్కుకుంటున్నాడు.
"మీ నాన్నను" అంది హెస్టర్, కిటికీలోంచి చూపు తిప్పకుండా,
"మనం అంత దూరాన పెట్టామేంరా?"
వైపర్లు అటూ ఇటూ.
రూరీ గేరు మార్చాడు,
మార్చాల్సిన పనేం లేకపోయినా.

బల్ల ఖాళీ. పాలడబ్బా పక్కన
లావుపాటి ఒకావిడ కుర్చీలో, చెవి మీద తెల్లపువ్వు.
"కియా ఒరానా" అంది.
నిండు నూరేళ్లూ బతకమనే దీవెనట అది.
పిప్పా నాణెం వేసింది. డబ్బా ఖంగుమంది.
నేను సంజాయిషీ మొదలెట్టబోతే
చెయ్యూపింది మామా తెపాయెరు:
"తెల్ల కారు, తలుపుకు సొట్ట. వంటింట్లోంచి చూశాలే.
ఎక్కడికి పోతారు, ఒకటే రోడ్డు."
కుర్చీ కిందనుంచి అరటి హస్తం తీసి
పిల్ల చేతుల్లో పెట్టింది.
డబ్బులా? రేపు వేద్దురుగానీ.

తిరిగొచ్చేటప్పుడు నన్ను ముందు కూర్చోమని
హెస్టర్ వెనక్కెక్కింది.
నిద్రలో నోరు తెరిచిన ఆస్కర్ తల ఆవిడ ఒళ్లో,
బుగ్గకు ఎండి అతుక్కున్న బొప్పాయి గింజ,
వీపు వెనక తాబేలు ట్యూబు.
మోకాళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.