ఖాళీ డబ్బాలు

బల్లార్షా నుంచి సిరొంచ బస్సుల
ఒళ్లె పెట్టుకొని తెచ్చిన
సబ్బుబిళ్లంత హార్డ్ డిస్క్.

ప్రాణహిత పొంగితే ఇక్కడ ముందు నెట్ పోతది,
కరెంట్ తర్వాత.
అందుకే ఆశ్రమశాల ల్యాబ్‌ల
పాత కంప్యూటర్‌నే కొట్టుగది చేసిన.
ప్యాకేజీలన్నీ ఒక్క ఫోల్డర్ల పోసి,
పేర్ల పట్టీ రాయించి,
మిగతా ఏడింటికి చెప్పిన:
దూరం పోకుర్రి, ఇంట్లనే అడుగుర్రి.

మొదటిది అడిగింది. దానికి ఇంకోటి కావాల్నట.
ఆ ఇంకోటికి మరోటి.
పెళ్లిపిలుపుల లెక్క,
ఒక్కరిని మరిస్తే చుట్టాలంతా అలుగుడే.

రాత్రి పదకొండుకు అన్నీ నిమ్మళమైనయి.

పొద్దున ఆత్రం మైన తన పేరు కొట్టింది.
మరాఠీల మంచిగనే వచ్చింది.
తెలుగుల
వరుసగ ఖాళీ డబ్బాలు.

ఫాంటు మరిచిన.

"ఇండ్లు కట్టిండ్రు సార్,
మేమింకా దిగలే" అన్నది పిల్ల.

బల్లార్షా బస్సు ఆరున్నరకు.