గంట తాడు

తాడు కోసేసిన సంగతి
ఎవరూ నాకు చెప్పలేదు.
తెల్లారి వెళ్లి చెయ్యి పైకి చాపితే
గాలి తగిలింది.

పైన, గంట పక్కన, బూడిదరంగు మోటారు.
పావురాలు అప్పుడే దానికి అలవాటు పడ్డాయి.
"ఇక నీకు శ్రమ లేదు ఎతెల్వీనా" అన్నాడు ఫాదర్ అబీలియు
ఫోను చూపిస్తూ.
ఈ పోర్చుగల్ కొండల్లో నాలుగు ఊళ్ల నాలుగు గంటలు
ఆయన బొటనవేలి కింద.

నలభై ఒక్క ఏళ్లు మోగించాను.
మగవాడు పోతే మూడు, ఆడమనిషి పోతే రెండు,
పసిబిడ్డకి చిన్న గంట, ఆపకుండా,
తల్లి ఏడుపు బయటికి వినపడకుండా.
మా అమ్మకి రెండు కొట్టాక
మూడోదానికి లేచిన చేతిని
పళ్లతో కరిచి ఆపాను.
ఆ ఆగడం ఊరంతా విన్నది.

అబద్ధమెందుకు, మోటారు నాకన్నా నయం.
మంచులో జారదు, జ్వరం పడదు,
శనివారం రాత్రి వైను తాగదు.
ఆదివారం పూజ కూడా ఫోన్లో వస్తోంది.
లియోన్‌లో అంట్లు తోముతూ చూస్తుందట దెవొలిందా,
సబ్బు నురగ చేతులతోనే
ఆమెన్ అంటుందట.

నవంబరులో ఒక మంగళవారం
మూడు మోగింది.
చెస్ట్‌నట్ కాయలేరుతున్న నడుములు లేచాయి.
పదహారు మందిమి మిగిలాం, మగాళ్లు ఆరుగురు.
వేళ్లు మడుస్తూ చర్చి మెట్ల దగ్గర చేరాం.
ఐదుగురు వచ్చారు.
బెల్మీరు రాలేదు.
కొడుకుని గని మింగిననాటి నుంచి
ముప్ఫై ఏళ్లుగా ఈ గడప తొక్కని మనిషి.
ఆల్దా ఏడుపు మొదలెట్టేసింది.
ఎవరో దుప్పటి తెమ్మన్నారు.

అంతలో బురద బూట్లతో, టోపీ చేత పట్టుకుని
బెల్మీరు వచ్చాడు.
"ఎవరు పోయారు?"

(ఫాదర్ జేబులో ఫోను, కారు మలుపులో
నొక్కుకుపోయిందట. అది సాయంత్రానికి తెలిసింది.)

ఎవరం నోరు విప్పలేదు.
మా మొహాలు చూశాడు, దుప్పటి చూశాడు.
లెక్క అతనికీ అందింది.
నవ్వుతాడనుకున్నాను. గంటని తిడతాడనుకున్నాను.
మెల్లగా లోపలికి వెళ్లి
చివరి బల్ల మీద కూర్చున్నాడు,
తన కోసం వచ్చినవాళ్లలో
తనూ ఒకడైనట్టు.
చీకటి పడేదాకా లేవలేదు.

మోటారుకి మరమ్మతు చేయిస్తానన్నాడు ఫాదర్,
మళ్లీ ఇలా జరగదట.
నేనేమీ అనలేదు.

తాడు ముక్క నా వంటింట్లో ఉంది.
ఉల్లిపాయలు కట్టుకున్నాను దానికి.
ఒక్కోసారి ఒకటి తెంపబోయి
గట్టిగా లాగుతాను,
పైకి చూస్తాను.