మూలం అనే గడి

ఏప్రిల్. వాన్ సరస్సు మీద చలి ఇంకా వదల్లేదు.
ఊరి చివరి ఇంటికి పశువైద్యుడొచ్చాడు,
చంకలో అట్టకు గుచ్చిన కాగితాలు, జేబులో కొలత టేపు.
పిల్లుల లెక్క రాయాలట.
నాజ్‌దార్ అవ్వ టీ పోసింది. పిల్లి లేవలేదు.

రంగు?
చూస్తున్నావుగా, అంది.
సున్నం కాదు, పాలూ కాదు,
రాత్రంతా మంచు కురిసి ఆగాక
ఎవరూ ఇంకా అడుగుపెట్టని పెరడు.
చెవుల మధ్య మాత్రం రెండు మచ్చలు,
టీ ఒలికిన వేళ్లతో ఎవరో నిమిరినట్టు.
తోక నక్క దగ్గర అరువు తెచ్చింది,
తిరిగివ్వలేదు.

బొచ్చు పొడవు?
ఏ నెలలో? ఎదురడిగింది అవ్వ.
జనవరిలో మెడచుట్టూ జూలు,
వేళ్ల సందుల్లో కూడా కుచ్చులు.
జూన్‌లో రా, అదంతా నా దిండ్ల మీద వదిలేసి
ఎవరింటి పిల్లో అన్నట్టు బక్కగా తిరుగుతుంటుంది,
తోకకు మాత్రం పాత దర్జా తగ్గదు.
అతను టేపు చాచాడు. పిల్లి టేపు కొరికింది.
"పొడుగు" అని రాసుకున్నాడు.

కళ్లు?
ఒకటి సరస్సు, ఒకటి తేనె.
నీలం కన్ను వైపు చెవి వినపడదు,
అందుకే మేం తేనె వైపు నుంచి పిలుస్తాం.

ఈదుతుందా?
అవ్వ పకపకా నవ్వింది.
చేపలు ఏటికి ఎదురెక్కే రోజుల్లో
మా ఆయన వల విప్పేలోపే ఇది నీళ్లలో ఉండేది.
ఒడ్డుకొచ్చి ఒక్క విదిలింపు, అంతే, ఒళ్లు పొడి.
సబ్బక్కర్లేకుండా మేం ఉన్ని ఉతుక్కునే
చవుడు నీళ్లవి. ఇంత తెల్లగా ఉందంటే మరి?

అతనూ నవ్వాడు. కాగితం తిప్పాడు.
మూలం?

అవ్వ గ్లాసు కింద పెట్టింది.
ఇది ఈ పొయ్యి వెనకే పుట్టింది. దీని తల్లీ అంతే.
ఎన్ని తల్లులో నేను లెక్క తప్పాను.
మొదటిదాన్ని మా నానమ్మ ఒళ్లో వేసుకొచ్చిందంటారు.
నానమ్మను ఎవరు తెచ్చారో మాత్రం ఎవరూ అనలేదు.
తొమ్మిదేళ్ల పిల్ల. ఏ ఊరని అడగొద్దన్నారు.
పేరు మార్చారు, ప్రార్థన మార్చారు,
మా కుర్దు మాటల్లోనే ముసలిదైంది, వాటిలోనే పోయింది.
ఒక్క పిల్లిని మాత్రం
మేం పిసీక్ అన్నా, మీవాళ్లు కెదీ అన్నా,
తను "గదూ" అనేది.
అవునని ఎవరైనా అంటారేమోనని
కాసేపు ఆగేది.

నలభయ్యేళ్లొచ్చాక, బస్సులో పక్క సీటు ముసలాయన
ఈ మాట విని కిటికీ వైపు తిరిగిపోయాడు.
దిగేముందు చెప్పాడు, అర్మేనియన్ల మాటమ్మా అది, అని.
ఆ రోజు నేను దిగాల్సిన చోట దిగలేదు.

వైద్యుడు కలం మూత తీశాడు, పెట్టాడు, తీశాడు.
దాన్నెలా రాస్తారు అవ్వా?

నాకేం తెలుసు, అంది.
నేను విన్నదే గానీ చూడలేదు.

పిల్లి లేచింది.
వాళ్లిద్దరి మధ్య నుంచే నడిచి
తలుపు సందులోంచి
నీళ్ల వైపు వెళ్లింది.